మాస్టారి ఫైకస్: మొదటి తీగ చుట్టిన రోజు నుంచి మూడేళ్ల లెక్క

ఈ చెట్టు నాది కాదు, మా ఎదురింటి మాస్టారిది. లెక్కల టీచరుగా పాలమూరు జిల్లాలో పనిచేసి రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చి మా వీధిలో ఇల్లు కట్టుకున్నారు. 2022 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే నల్ల కవర్లో ఉన్న ఫైకస్ మొక్క పట్టుకొని మా గేటు దగ్గర నిలబడ్డారు. "అమ్మా, దీన్ని బోన్సాయ్ చెయ్యాలి, ఇవాళే మొదలుపెడదాం, తీగ కూడా తెచ్చాను" అన్నారు. ఆ తీగ ఏమిటంటే, ఇల్లు కట్టేటప్పుడు ఇనుప ఊచలు కట్టే బైండింగ్ వైరు.

నేను పదకొండేళ్లుగా మేడ మీద బోన్సాయ్ పెంచుతున్నాను, ఇప్పుడు నలభై కుండీల దాకా ఉన్నాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లు వస్తే పక్కన కూర్చోబెట్టుకొని చూపిస్తుంటాను. అన్నింటిలో ఈ ఒక్క చెట్టు గురించే పూర్తిగా రాయాలనిపించింది, ఎందుకంటే మాస్టారు మొదటి రోజు నుంచీ దీనికి ఒక నోటుబుక్కు పెట్టారు. ఏ కొమ్మకి ఎన్ని మిల్లీమీటర్ల తీగ, ఏ రోజు చుట్టాం, ఏ రోజు తీశాం, తీశాక కొమ్మ ఎంత వెనక్కి లేచింది, అన్నీ తేదీలతో రాసుకున్నారు. నా చెట్లలో ఒక్కదానికి కూడా అలాంటి లెక్క లేదు. ఇంకో కారణం, ఇందులో ఒక పెద్ద పొరపాటు జరిగింది, అది నేను చెప్పిన మాట వల్ల జరిగింది, అదే పొరపాటు మన ఊళ్లలో మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి జరుగుతుండటం నేను చూస్తున్నాను.

మొక్క ఎలా ఉండింది

నర్సరీలో ఫైకస్ అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది మైక్రోకార్పా. మర్రి, రావి, మేడి, జువ్వి ఉన్న కుటుంబమే. తుంచితే పాలు కారతాయి, ఊడలు దిగుతాయి, ఎంత నరికినా మళ్లీ చిగురిస్తుంది, నీళ్లు ఒకరోజు ఎక్కువైనా తక్కువైనా ఓర్చుకుంటుంది. మొదటి చెట్టుగా దీన్ని మించింది మన ఎండలకి నాకు తెలియదు. చాలామంది ఫొటోలు చూసి చలిదేశాల చెట్టయిన జునిపర్ తెచ్చుకుంటారు, హైదరాబాద్ మే నెలలో అది పైకి పచ్చగా కనిపిస్తూనే లోపల చచ్చిపోయి ఉంటుంది, మనకి తెలిసేది నెల తర్వాత.

మాస్టారి మొక్క కడియం నర్సరీల నుంచి లోడులో వచ్చినదట, 450 రూపాయలు పెట్టారు. ఎత్తు 58 సెంటీమీటర్లు. మట్టి దగ్గర మొదలు మందం 3.8. కొమ్మలు పదిహేడు, అన్నీ పైకే లేచి చీపురులా ఉన్నాయి. ఆకుల్లో సగం పాన్‌లా మడుచుకుపోయి ఉన్నాయి, విప్పితే లోపల నల్లటి సన్నటి పురుగులు. తామర పురుగులు అవి, ఈ ఫైకస్‌ని పట్టే రకం వేరే ఉంటుంది, మడత ఆకు విప్పకుండానే తుంచి కవర్లో వేసి పారేస్తే చాలావరకు పోతాయి. ఆ రోజు మేం చేసిన పని అదొక్కటే.

మాస్టారికి నచ్చలేదు. "ఇంత దూరం మోసుకొస్తే ఆకులు ఏరిస్తున్నావేంటమ్మా" అన్నారు. నేను చెప్పింది ఒకటే: కత్తిరించడం, తీగ చుట్టడం, కుండీ మార్చడం, ఈ మూడూ ఒకే రోజు చెయ్యకూడదు. మూడూ చెట్టుకి గాయాలే. మొక్క కొన్న ఉత్సాహంలో మొదటి ఆదివారమే మూడూ చేసేసి, అందమైన ట్రేలో పెట్టి ఫొటో తీసుకుంటారు, మూడో ఆదివారానికి అది ఎండిపోతుంది. ముందు దానికి బలం రావాలి. ఆ నల్ల కవరు నుంచి కాస్త పెద్ద గ్రో బ్యాగులోకి, వేర్ల ముద్దని విప్పకుండా అలాగే దింపి, పూర్తి ఎండలో పెట్టి, నెలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్ట్, వేపపిండి వేసి జూన్ దాకా వదిలేశాం.

ముందు చూడటం నేర్చుకున్నాం

ఆ నాలుగు నెలలు ఊరికే పోలేదు. ఒక సన్నటి పుల్ల తీసుకొని మొదలు చుట్టూ మట్టిని మెల్లగా గీకాం. రెండు సెంటీమీటర్లు లోపలికి పోయాక అసలు వేర్లు కనపడ్డాయి, ఒకవైపు మూడు లావు వేర్లు నేలని పట్టుకున్నట్టు పరుచుకొని ఉన్నాయి, వెనకవైపు బోసిగా ఉంది. చెట్టుకి ముఖం, అంటే చూసేవాళ్లకి ఎదురుగా ఉండే వైపు, ఎటు అన్నది అక్కడే తేలిపోయింది. కొత్తవాళ్లు ముందు కొమ్మలు చూస్తారు. కొమ్మ రేపు ఇంకోటి వస్తుంది, వేళ్లూ మొదలూ మార్చడానికి ఏళ్లు పడతాయి, అందుకని చూపు ఎప్పుడూ కింద నుంచి మొదలుపెట్టాలి. మొదలు నుంచి చూస్తే ఈ మాను మొదటి 9 సెంటీమీటర్లు ఎడమకి వాలి, తర్వాత కుడికి తిరిగింది. మంచి వంపే. ఆ పైన మాత్రం కర్రలా నిటారుగా పోయింది.

ఇక ఆకారం. మాస్టారు నోటుబుక్కులో ఒక బొమ్మ గీసుకొచ్చారు. చక్కటి బొమ్మే, కానీ అది పైన్ చెట్టు. త్రికోణం, కొమ్మలన్నీ కిందికి వాలి, మధ్యమధ్య ఖాళీలతో అరల్లా. జపాన్ కొండల్లో చెట్ల కొమ్మలు అలా వాలేది ఏటా పడే మంచు బరువుకి. తరాల తరబడి అక్కడివాళ్లు ఆ చెట్లని చూసి ఆ ఆకారాన్ని కుండీలోకి తెచ్చారు, అందుకే అది చూడగానే ముసలి చెట్టు అనిపిస్తుంది. మనం అదే ఆకారాన్ని ఫైకస్ మీద తీగలు బిగించి తెస్తే అది మర్రి ఆకులు తొడుక్కున్న పైన్‌లా ఉంటుంది.

నేను ఆయన్ని అడిగాను, "మాస్టారూ, మీరు చూసిన అతి పెద్ద చెట్టు ఏది?" అని. ఆలోచించనక్కర్లేకుండా "పిల్లలమర్రి" అన్నారు. మహబూబ్‌నగర్ పక్కనే కదా, పిల్లల్ని ఏటా తీసుకెళ్లేవారట. 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకి సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించినప్పుడు పేపర్లో ఆ ఫొటో చూసి ఆ రాత్రి నిద్రపట్టలేదని చెప్పారు. "అయితే ఆ చెట్టు కొమ్మ మొదట్లో ఎటు పోతుందో గీయండి" అన్నాను. గీశారు. మాను నుంచి బయల్దేరినప్పుడు కొద్దిగా పైకి లేచింది, తర్వాత చాలా దూరం నేలకి సమాంతరంగా పోయింది, అక్కడ ఒక ఊడ దిగింది, ఆ తర్వాత కొమ్మ మళ్లీ ఎండ కోసం పైకి లేచింది. పెన్సిల్ ఆపి కాసేపు ఆ గీతని చూసుకున్నారు. "ఎత్తు కన్నా వెడల్పే ఎక్కువ కదమ్మా" అన్నారు. అదే మా డిజైను. నేను కొత్తగా చెప్పింది ఏమీ లేదు, ఆయన కళ్లలో ఉన్న చెట్టుని బయటికి తీయించానంతే.

ఇది చాలా ముఖ్యం అనుకుంటాను కాబట్టి ఇంకొంచెం చెప్తాను. అనంతపురం వైపు వాళ్లకి తిమ్మమ్మ మర్రిమాను ఉంది, దాదాపు అయిదెకరాలు పరుచుకున్న చెట్టు. మిగతా అందరికీ ఏదో ఒక చెరువుగట్టు మీద రావి, బస్టాపు దగ్గర చింత, పొలం గట్టున తుమ్మ ఉండే ఉంటాయి. తీగ పట్టుకోవడానికి ముందు వాటి దగ్గరికెళ్లి కొమ్మ మాను నుంచి ఎంత కోణంలో విడిపోతుందో, చివర్లు ఎటు తిరుగుతాయో, ముసలి కొమ్మకీ లేత కొమ్మకీ తేడా ఏమిటో ఒక గంట నిలబడి చూడండి. చింత కొమ్మ గొడుగులా వాలుతుంది, రావి కొమ్మ ఒంపు తిరిగి పైకే పోతుంది.

తీగ

బైండింగ్ వైరు వద్దన్నాను. అది ఇనుము, వానలో వారానికే తుప్పు పడుతుంది, పైగా సన్నగా ఉండటం వల్ల కొమ్మలోకి దారంలా దిగుతుంది. రాగి తీగ గట్టిగా పట్టుకుంటుంది, కానీ ఒకసారి వంచాక గట్టిపడిపోతుంది, సవరించడం కష్టం, కొత్తచేతికి పనికిరాదు. మేం వాడింది బోన్సాయ్ కోసం అమ్మే మెత్తటి అల్యూమినియం తీగ, 1 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా నాలుగైదు సైజులు.

సైజు లెక్క తేలికే: కొమ్మ మందంలో మూడో వంతు. 9 మిల్లీమీటర్ల కొమ్మకి 3, 6 ఉంటే 2. అయినా ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, అసలు పరీక్ష వేలితో చెయ్యాలి. తీగ కొసతో కొమ్మని నెట్టి చూస్తే కొమ్మ వంగాలి, తీగ వంగిపోతే అది చాలదు.

చెట్టు మీద చెయ్యి వెయ్యకముందు మాస్టారి చేత వారం రోజులు మా మందార, గోరింట కొమ్మల మీద సాధన చేయించాను, ఎలాగూ కత్తిరించి పారేసేవే. మొదటి రోజు ఆయన చుట్టలు స్ప్రింగులా దగ్గరదగ్గరగా ఉన్నాయి, దాంట్లో పట్టు ఉండదు. మరీ దూరం దూరంగా వేస్తే వంచిన చోట కొమ్మకి ఆసరా ఉండదు. తీగ కొమ్మకి 45 డిగ్రీల వాలులో పోవాలి అని చెప్పగానే లెక్కల మాస్టారు కదా, ప్రొట్రాక్టర్ తెచ్చారు. రెండు రోజులు దాంతో చూసుకున్నాక చేతికి అలవాటయింది. మూడో రోజు వంచుతుంటే పుటుక్కుమంది. ఎందుకు విరిగిందో ఇద్దరం విప్పి చూశాం: వంపు బయటివైపు తీగ లేదు. వంచినప్పుడు సాగేది, చీలేది బయటివైపు బెరడే, అందుకని తీగ చుట్ట సరిగ్గా ఆ బయటి మూల మీదుగా పోవాలి. కొమ్మని కిందికి దించాలంటే పైభాగం మీదుగా, పైకి ఎత్తాలంటే అడుగు నుంచి. ఇది పుస్తకంలో చదివితే నాలుగు సార్లు చదవాలి, ఒక మందార కొమ్మ విరిగితే ఇక మర్చిపోరు.

ఇంకో రెండు మాటలు. ఒకే తీగతో రెండు కొమ్మలు చుట్టాలి, మధ్యలో మాను చుట్టూ కనీసం ఒకటిన్నర చుట్టు ఉండాలి, లేకపోతే ఒక కొమ్మని దించితే రెండోది లేస్తుంది. తీగ మీద తీగ ఎక్కకూడదు, ఎక్కిన చోట రెండింతలు నొక్కుతుంది.

2022 జూన్ 26, ఆదివారం

తొలకరి పడి రెండు వారాలయింది, చిగుళ్లు జోరుగా ఉన్నాయి. శనివారం నీళ్లు పోయొద్దన్నాను, కాస్త దాహంగా ఉన్న కొమ్మ సులువుగా వంగుతుంది, నిండుగా నీళ్లు తాగిన కొమ్మ బిర్రుగా ఉండి ఫట్‌మంటుంది.

పదిహేడు కొమ్మల్లో పదకొండు తీసేశాం. మాస్టారికి చెయ్యి రాలేదు. ప్రతి కొమ్మ దగ్గరా ఆగి "ఇది కూడానా?" అని అడిగారు. ప్రతిదానికీ కారణం చెప్పాను: ఇది వంపు లోపలివైపు నుంచి వచ్చింది, ఈ రెండూ ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉన్నాయి, వదిలేస్తే అక్కడ మాను ఉబ్బుతుంది, ఇది సూటిగా మన ముఖంలోకి పొడుచుకొస్తోంది. ఎనిమిదో కొమ్మ దగ్గర ఆయనే కారణం చెప్పి కత్తిరించారు. నాకు చాలా సంతోషం వేసింది. ఒక కొమ్మ మీద మాత్రం ఇద్దరికీ పడలేదు, వెనక్కి పోయే సన్నటి కొమ్మ, నాకు అక్కర్లేదనిపించింది, ఆయన ఉండాలన్నారు, ఉంచాం. ఇవాళ ఆ చెట్టుకి లోతు ఇస్తున్నది ఆ కొమ్మే.

పాలు ధారగా కారాయి. తడిగుడ్డ అద్ది, నీళ్లు చిలకరిస్తే ఆగిపోతాయి. ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి, బట్టల మీద పడితే మరక పోదు. పైభాగాన్ని 31 సెంటీమీటర్ల దగ్గర, ఒక కొమ్మ పైన కత్తిరించి ఆ కొమ్మనే కొత్త శిఖరంగా పైకి తిప్పాం. మొదటి కొమ్మ ఎడమవైపు, 10 సెంటీమీటర్ల ఎత్తులో, 3 మిల్లీమీటర్ల తీగ. రెండోది కుడివైపు, 14 దగ్గర. ఆయన గీసిన గీతలాగే, మొదట కొంచెం లేపి, తర్వాత సమంగా చేసి, చివరని మళ్లీ పైకి తిప్పాం. ఈ చివర పైకి తిప్పడం అందం కోసమే కాదు. కొమ్మ చివర కిందికి చూస్తే దానికి బలం తగ్గుతుంది, మాను దగ్గర కొత్త మొలకలు లేచి ఆ బలాన్ని లాక్కుంటాయి.

మొత్తం మూడున్నర గంటలు పట్టింది. పది రోజులు షేడ్ నెట్ కింద పెట్టమన్నాను. అప్పుడు మాస్టారు అడిగారు: "తీగ ఎప్పుడు తియ్యాలమ్మా?"

"రెండు నెలలు ఏమీ కాదు మాస్టారూ" అన్నాను.

ఆగస్టు 15

ఆ మాట ఎందుకన్నానంటే, నేను చదువుకున్న పుస్తకాల్లో ఆరు నెలలు, ఏడాది అని ఉంటుంది. చలిదేశాల పైన్, జునిపర్‌ల లెక్క అది. దాన్ని నేను మనకి తగ్గించి రెండు నెలలు చేశాననుకున్నాను. నా చెట్లకి నేను రోజూ నీళ్లు పోస్తాను, తీగ నొక్కుతుంటే చేతికే తెలుస్తుంది, ఎన్ని రోజులకి తీస్తున్నానో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టనిదాన్ని ఒక అంకెగా చెప్పడమే నేను చేసిన తప్పు.

మాస్టారు జులై 10న బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్లారు. కింద అద్దెకున్నవాళ్ల అబ్బాయి నీళ్లు పోశాడు. ఆ జులై వానలు గుర్తుండే ఉంటాయి, భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటిన నెల. నేను రోజూ మా మేడ మీంచి ఆ చెట్టుని చూస్తూనే ఉన్నాను. పచ్చగా, గుబురుగా, ఆరోగ్యంగా ఉంది. ఆ గుబురు కిందే తీగలున్నాయి, నాకు కనపడలేదు, దగ్గరికెళ్లి ఆకు పైకెత్తి చూడాలన్న ఆలోచన రాలేదు.

ఆగస్టు 14 రాత్రి ఆయన తిరిగొచ్చారు. 15న వీధిలో జెండా ఎగరేశాక నేరుగా మా ఇంటికొచ్చి, "అమ్మా, ఒకసారి రా" అన్నారు. ఏడు వారాలు, సరిగ్గా 50 రోజులు. మొదటి కొమ్మ మీద తీగ సగం మందం బెరడులోకి దిగిపోయింది. శిఖరం దగ్గర ఇంకా ఘోరం, ఒకచోట బెరడు తీగ మీదుగా మూసుకోవడం మొదలుపెట్టింది. పై చిగురుకి ఎప్పుడూ బలం ఎక్కువ, అందుకే అక్కడ అన్నిటికన్నా ముందు తీగ కరుస్తుంది.

తీగని తిప్పి విప్పకూడదు, బెరడు ఊడొస్తుంది, కొమ్మ విరుగుతుంది. కటింగ్ ప్లయర్ కొసతో చుట్టకొక చోట ముక్కలుగా కత్తిరించి ఒక్కో ముక్కా తీశాం. గంటన్నర. మాస్టారు ఒక్క మాట అనలేదు. ఎన్నో చుట్టు దగ్గర ఎంత లోతు దిగిందో స్కేలుతో కొలిచి రాసుకుంటున్నారు. నాకు ఆ మౌనం చాలా బాధనిపించింది. చివరికి నేనే అన్నాను, "నేను తప్పు చెప్పాను మాస్టారూ" అని. ఆయన పెన్ను ఆపి, "మరి సరైనది ఎంతో కనుక్కుందాం" అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు జరిగినదంతా ఆ మాట నుంచే వచ్చింది.

సరైనది ఎంత

వంచిన కొమ్మ అలాగే ఎందుకు ఉండిపోతుందో తెలిస్తే ఈ లెక్క అర్థమవుతుంది. వంచినప్పుడు లోపల సన్నటి పగుళ్లు వస్తాయి. బెరడు కింద ఉండే పెరిగే పొర ఆ పగుళ్లని పూడుస్తూ, కొత్త స్థితిలోనే కొత్త చెక్క పొరని పేర్చుతుంది. ఆ కొత్త పొర చాలినంత మందమయ్యాక, తీగ తీసినా కొమ్మ అక్కడే ఉంటుంది. అంటే కొమ్మని నిలబెట్టేదీ, తీగని కొరికించేదీ ఒకటే, లావు పెరగడం. పెరగకపోతే నిలబడదు, పెరిగితే కరుస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న కొద్ది రోజుల్లో పట్టుకోవాలి. ఆ రోజులు నెలని బట్టి మారతాయి. కాబట్టి తీగకి ఇన్ని రోజులు అని ఒక అంకె ఉండదు, ఉండకూడదు.

2023 ఫిబ్రవరి ఆఖర్లో రెండోసారి చుట్టాం. ఈసారి మాస్టారు ప్రతి ఆదివారం ఆకులు పైకెత్తి చూశారు. ఏప్రిల్ మొదటి వారం దాకా, అంటే ఆరు వారాలు కరవలేదు, ఏడో వారంలో తీగ బిగుసుకున్న జాడ కనిపించగానే తీసేశాం. మొదటి కొమ్మ ఒక సెంటీమీటరు మాత్రమే పైకి లేచింది. అదే ఏడాది నవంబరులో ఆయన కావాలనే కుడివైపు ఒక రెమ్మకి చుట్టి చూశారు, పన్నెండు వారాలు ఉన్నా ఒక్క గీత పడలేదు, కానీ తీయగానే రెమ్మ దాదాపు సగం వెనక్కి పోయింది. చలికాలం అది పెరగలేదు, కాబట్టి నిలబడలేదు. 2024 జూన్‌లో, ఆకులు చాలావరకు తుంచేసి సన్నటి రెమ్మలకి 1, 1.5 మిల్లీమీటర్ల తీగలు చుట్టినప్పుడు 32వ రోజుకే తీయాల్సి వచ్చింది, రెమ్మలు మాత్రం ఎలా పెట్టామో అలాగే నిలిచాయి.

ఇది ఒక్క చెట్టు లెక్క, ఒక్క మేడ మీది లెక్క. విశాఖ గాలికి, రాయలసీమ ఎండకి వేరుగా ఉంటుంది. చింతకి, బొగన్‌విల్లియాకి వేరుగా ఉంటుంది. అందుకే ఇప్పుడు నేను ఎవరికీ నెలలు చెప్పను. వానాకాలం ఫైకస్‌కి తీగ చుడితే మూడో వారం నుంచి వారానికి రెండుసార్లు ఆకులు ఎత్తి చూడండి, శిఖరం దగ్గర ముందు చూడండి, తీగకీ బెరడుకీ మధ్య సందు మూసుకుపోయిందంటే ఆ రోజే తీసెయ్యండి. కొమ్మ ఇంకా నిలబడకపోతే వారం ఆగి, చుట్టలు వేరే చోట పడేలా మళ్లీ చుట్టండి. తీగ చుట్టి పదిహేను రోజులు మించి ఊరెళ్లాల్సి ఉంటే అసలు చుట్టకండి, లేదా చూడటం తెలిసిన మనిషికి అప్పజెప్పండి.

లావు కొమ్మల విషయంలో ఇంకో దారి కూడా ఉంది. కొమ్మని కేవలం కిందికి దించడమే కావాలంటే తీగ చుట్టనక్కర్లేదు, కొమ్మ మీద సైకిల్ ట్యూబు ముక్క వేసి దాని మీదుగా తాడు లాగి కుండీకి కట్టేస్తే చాలు. నెలలు ఉంచినా గాయం కాదు. ఎడమ కొమ్మకి 2023 వానల్లో ఇదే చేశాం.

మచ్చలు, ట్రే

మొదటి కొమ్మ మీది మచ్చల గురించి చాలామంది అడుగుతారు. కొమ్మని స్వేచ్ఛగా పెరగనిచ్చాం, ఏడాది పాటు చివర తుంచలేదు, అది లావయ్యేకొద్దీ గీతలు నిండుకున్నాయి. ఇప్పుడు వేలితో తడిమితే తెలుస్తుంది, కంటికి ఆనదు. శిఖరం దగ్గరిది పోలేదు. మెలి తిరిగిన స్క్రూలా ఉబ్బిపోయింది, ఉంచితే చెట్టంతా చెడుతుంది. 2023 మార్చిలో, తీగలు ఉండగానే, ఆ భాగాన్ని పూర్తిగా కోసేశాం. కింద ఉన్న ఒక లేత రెమ్మని కొత్త శిఖరంగా లేపాం. ఎత్తు 31 నుంచి 24కి దిగింది. మాస్టారు ఆ రోజు మాత్రం కొంచెం దిగులు పడ్డారు. కానీ పిల్లలమర్రి లాంటి చెట్టుకి కావాల్సింది ఎత్తు కాదు, కోసేశాకే అది మొదటిసారి వెడల్పుగా కనపడింది.

ట్రేలోకి మార్చింది 2023 జూన్ చివర్లో, అప్పటికి తీగలేవీ లేవు. వేర్లలో మూడో వంతు తీశాం. మట్టి: జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు. కోకోపీట్ వెయ్యలేదు, వానాకాలం లోతు లేని ట్రేలో అది స్పాంజిలా నీళ్లు పట్టుకొని కూర్చుంటుంది. చెట్టుని ట్రే కన్నాలకి తీగతో కట్టేశాం, కదిలితే కొత్త వేర్లు తెగుతాయి.

2025 జులైలో మాస్టారు కొలిచి రాసినవి: ఎత్తు 27 సెంటీమీటర్లు, కొమ్మల వెడల్పు 41, మొదలు మందం 5.6. ఆకు సైజు మొదట్లో ఉన్నదానికి సగానికి వచ్చింది. మీద తీగలు లేవు. ఎడమ కొమ్మ అడుగున, ఆయన పిల్లలమర్రి బొమ్మలో ఊడ గీసిన చోటికి రెండు వేళ్ల దూరంలో, వానలకి ఒక తెల్లటి ఊడ కొస బయటికొచ్చింది. గాలికి ఎండిపోకుండా కొబ్బరినీళ్ల స్ట్రా ఒకటి నిలువుగా చీల్చి దాని చుట్టూ తొడిగి, లోపల తడి నాచు కూరి, స్ట్రా కొసని మట్టిలో గుచ్చారు. అది మట్టిని అందుకోవడానికి ఇంకా 4 సెంటీమీటర్లు ఉంది. రోజూ పొద్దున స్ట్రా లోపలికి నాలుగు చుక్కలు పోసి, ఎంత దిగిందో రాస్తున్నారు.